రెండు వార్డులు దాటి వెస్ట్‌మినిస్టర్‌కు: బ్రిటన్‌లో పనిచేసే నర్సు పార్లమెంటుకు సిద్ధమయ్యే విధానం

బ్రిటన్ పార్లమెంటు దిగువ సభ అయిన కామన్స్‌లో నర్సులు తక్కువే గాని, కొత్తేమీ కాదు. 1997లో గెలిచిన ఆన్ కీన్, 2005లో గెలిచిన ఆన్ మిల్టన్, 2015లో గెలిచిన మరియా కాల్‌ఫీల్డ్ ముగ్గురూ నర్సులుగా పనిచేసి సభకు వచ్చినవారే. ముగ్గురూ వేర్వేరు కాలాల్లో ఆరోగ్య శాఖలో జూనియర్ మంత్రులయ్యారు. పాతికేళ్లు నర్సుగా పనిచేసిన పాలెట్ హామిల్టన్ 2022 మార్చిలో బర్మింగ్‌హామ్ ఎర్డింగ్టన్ ఉప ఎన్నికలో గెలిచారు. కేరళలోని కొట్టాయం ప్రాంతంలో పుట్టి, బెంగళూరులో నర్సింగ్ చదివి, 2001లో బ్రిటన్ చేరిన సోజన్ జోసెఫ్ రెండు దశాబ్దాలకు పైగా మానసిక ఆరోగ్య నర్సుగా పనిచేసి, 2024 జూలైలో కెంట్ కౌంటీలోని యాష్‌ఫర్డ్ నుంచి లేబర్ పార్టీ తరఫున ఎన్నికయ్యారు. ఆయన గెలుపు తర్వాత అక్కడి ఆస్పత్రుల్లో పనిచేస్తున్న తెలుగు నర్సుల్లో కొందరికైనా ఈ దారి తమకూ ఉందా అన్న ప్రశ్న వచ్చి ఉంటుంది. ఉంది. అయితే ఆ దారి ఆస్పత్రి వార్డు నుంచి నేరుగా పార్లమెంటుకు పోదు. చాలామంది విషయంలో నడుమ మరో వార్డు, అంటే స్థానిక కౌన్సిల్ వార్డు ఉంటుంది. పైగా పార్లమెంటుకు వెళ్లిన నర్సుల్లో ఎంతోమంది ఓడిపోయి బయటికి వచ్చారు. అందుకే ఈ వ్యాసంలో నామినేషన్ వేసే రోజు గురించి కంటే, దానికి ముందు గడిచే ఏళ్ల గురించీ, సీటు పోయిన మరునాటి గురించీ ఎక్కువగా రాస్తున్నాను.

ముందుగా చూసుకోవలసిన అర్హత

కామన్స్ సభకు పోటీ చేయాలంటే వయసు 18 నిండాలి. బ్రిటిష్ పౌరులతో పాటు ఐర్లండ్ పౌరులూ, అర్హత గల కామన్వెల్త్ దేశాల పౌరులూ పోటీ చేయవచ్చు. భారత పాస్‌పోర్టు ఉన్నవారు ఈ మూడో వర్గంలోకి వస్తారు. ఓటు వేయడానికీ పోటీ చేయడానికీ మధ్య తేడాను ఇక్కడ జాగ్రత్తగా గమనించాలి. చెల్లుబాటయ్యే వీసాతో బ్రిటన్‌లో నివసిస్తున్న భారత పౌరులు ఎవరైనా అక్కడ ఓటరుగా నమోదు కావచ్చు. కాని పార్లమెంటుకు పోటీ చేయాలంటే ఐఎల్ఆర్, అంటే గడువు లేని నివాసానుమతి, చేతిలో ఉండాలి. హెల్త్ అండ్ కేర్ వర్కర్ వీసా మీద ఉన్నంతకాలం మీరు ఓటరు మాత్రమే. ఐఎల్ఆర్ నిబంధనలు తరచూ మారుతుంటాయి గనుక, ఎన్నేళ్లకు వస్తుందన్నది సహోద్యోగుల మాట మీద కాకుండా హోం శాఖ తాజా నిబంధనల మీదనే లెక్క వేసుకోవాలి. గెలిచిన సభ్యులు రాజుకు విధేయత ప్రకటిస్తూ ప్రమాణం చేయనిదే సభలో కూర్చోలేరు, ఓటు వేయలేరు. భారత చట్టం ద్వంద్వ పౌరసత్వాన్ని అంగీకరించదు. ఈ రెండింటినీ కుటుంబంతో కూర్చుని ముందే ఆలోచించుకోవడం మంచిది. నామినేషన్ వారంలో తేల్చుకునే విషయం కాదిది.

1975 నాటి అనర్హతల చట్టం సివిల్ సర్వెంట్లను, పోలీసులను, సాయుధ దళాల్లో రెగ్యులర్‌గా పనిచేసేవారిని, న్యాయమూర్తులను కామన్స్ సభకు అనర్హులుగా చెబుతుంది. ఎన్‌హెచ్ఎస్ అనే ప్రభుత్వ ఆరోగ్య సేవలో ఆస్పత్రులను నడిపే సంస్థలో, అంటే ట్రస్టులో, జీతానికి పనిచేసే నర్సు సివిల్ సర్వెంటు కాదు గనుక, ఉద్యోగంలో ఉంటూనే పోటీ చేయవచ్చు. సైన్యంలో రెగ్యులర్‌గా ఉన్న నర్సుకు ఆ వీలు లేదు. ఒక చిక్కు మాత్రం చాలామందికి తెలియదు: ట్రస్టు ఉద్యోగికి లేని అనర్హత, అదే ట్రస్టు బోర్డులో ఉద్యోగి కాని సభ్యులుగా, అంటే నాన్ ఎగ్జిక్యూటివ్ డైరెక్టరుగా కూర్చునేవారికి ఉంటుంది. వృత్తిలో పైమెట్టు చేరాక అలాంటి పదవి తీసుకున్నవారు నామినేషన్ వేయడానికి ముందే దాన్ని వదులుకోవాలి.

ఏ సభకు అన్న ప్రశ్న

ఆరోగ్య రంగంలో మార్పు తేవడమే మీ ఉద్దేశమైతే, మీరు ఎక్కడ నివసిస్తున్నారన్నదాన్ని బట్టి వెస్ట్‌మినిస్టర్ సరైన చోటు కాకపోవచ్చు. స్కాట్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లలో ఆరోగ్యం అక్కడి ప్రభుత్వాల పరిధిలో ఉంది. లండన్‌లోని ఆరోగ్య మంత్రి ఆస్పత్రుల నిర్వహణ విషయంలో ప్రధానంగా ఇంగ్లండ్‌కే బాధ్యుడు. వార్డుల్లో తగినంతమంది నర్సులు ఉండాలన్న నిబంధనను వేల్స్ 2016లో, స్కాట్లండ్ 2019లో తమ సొంత సభల్లో చట్టం చేసుకున్నాయి. గ్లాస్గోలోనో కార్డిఫ్‌లోనో పనిచేస్తూ రోటాలో, అంటే డ్యూటీ పట్టికలో, ఎప్పుడూ ఇద్దరు తక్కువగా ఉండటమే మీ కోపానికి మూలమైతే, మీరు చూడవలసింది ఎడిన్‌బరోలోని సభనో కార్డిఫ్‌లోని సెనెడ్ అనే సభనో గాని, కామన్స్‌ను కాదు. ఇక్కడి నుంచి ఇంగ్లండ్‌లో ఉన్నవారిని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

రెండో వార్డు

పాలెట్ హామిల్టన్ 2004లోనే బర్మింగ్‌హామ్ నగర కౌన్సిల్‌కు ఎన్నికయ్యారు. ఆరోగ్య, సామాజిక సంరక్షణ విభాగాన్ని కౌన్సిల్ కేబినెట్ సభ్యురాలిగా నడిపారు. పార్లమెంటుకు వెళ్లేసరికి కౌన్సిలర్‌గా పద్దెనిమిదేళ్లు గడిచాయి. సోజన్ జోసెఫ్ కూడా యాష్‌ఫర్డ్ బరో కౌన్సిలర్‌గా ఉండే పార్లమెంటు అభ్యర్థి అయ్యారు. ఇది యాదృచ్ఛికం కాదు. కౌన్సిల్ ఎన్నిక చిన్నది, ఖర్చు తక్కువ, డిపాజిట్ లేదు, ఓడినా పరువు పోదు. గెలిస్తే మాత్రం, మీ ఆస్పత్రిలో మంచాలు ఎందుకు ఖాళీ కావడం లేదో రెండో వైపు నుంచి చూసే అవకాశం వస్తుంది. డిశ్చార్జికి సిద్ధమైన వృద్ధురాలు మూడు వారాలుగా వార్డులోనే ఉండిపోవడానికి కారణం చాలాసార్లు వైద్యం కాదు, ఇంటి దగ్గర ఆమెను చూసుకునే ఏర్పాటు దొరకకపోవడం. ఆ ఏర్పాటు చూడవలసిన బాధ్యత కౌంటీ కౌన్సిళ్లది, కౌంటీ, జిల్లా అనే రెండంచెలు లేని చోట అన్ని పనులూ చూసే ఒకే కౌన్సిల్‌ది. ప్రజారోగ్య సేవలు కూడా 2013 నుంచి ఇంగ్లండ్‌లో ఈ కౌన్సిళ్ల చేతికి వచ్చాయి. కౌంటీ కింద ఉండే జిల్లా, బరో కౌన్సిళ్లకు వచ్చేవి ఇళ్ల కేటాయింపు, నిర్మాణ అనుమతులు, చెత్త సేకరణ వంటివి. ఏ కౌన్సిల్ ఏ పని చేస్తుందో తెలియకుండా సామాజిక సంరక్షణ గురించి అలాంటి బరో ఎన్నికలో హామీ ఇచ్చే అభ్యర్థులు ప్రతిసారీ కనిపిస్తుంటారు. మీరు వారిలో ఒకరు కాకండి.

కౌన్సిల్‌కు పోటీ చేయడానికీ ఐఎల్ఆర్ వంటి స్థిరమైన హోదా కావాలి. ఆ కౌన్సిల్ పరిధిలో ఓటరుగా నమోదై ఉండటం, ఏడాదిగా అక్కడ నివసించడం వంటి అర్హతల్లో ఏదో ఒకటి ఉంటే చాలు. వాటిలో నర్సులకు కలిసివచ్చేది ఒకటుంది: గత 12 నెలలుగా మీ ప్రధాన ఉద్యోగ స్థలం ఆ కౌన్సిల్ పరిధిలో ఉంటే, మీ ఇల్లు పక్క పట్టణంలో ఉన్నా పోటీ చేయవచ్చు. దీనికి వ్యతిరేక దిశలో ఒక అడ్డంకి కూడా ఉంది. కౌన్సిల్ దగ్గర జీతం తీసుకునేవారు అదే కౌన్సిల్‌కు పోటీ చేయలేరు. కొన్నిచోట్ల స్కూల్ నర్సులూ, హెల్త్ విజిటర్లూ ట్రస్టు ఉద్యోగులు కాక కౌన్సిల్ ఉద్యోగులే కావచ్చు. మెడలోని బ్యాడ్జి మీద ఏ పేరుందో కాదు, పే స్లిప్ మీద ఏ సంస్థ పేరుందో చూసుకోవాలి.

గెలిచిన తర్వాత అసలు కష్టం రోటాతో వస్తుంది. 1996 నాటి ఉద్యోగ హక్కుల చట్టం ప్రకారం కౌన్సిలర్‌గా చేయవలసిన విధులకు యజమాని సహేతుకమైన సమయం ఇవ్వాలి, అయితే ఆ సమయానికి జీతం ఇవ్వాలని చట్టం చెప్పదు. కౌన్సిల్ తన సమావేశాల క్యాలెండరును ముందుగానే ప్రకటిస్తుంది. వార్డు రోటా కొన్ని వారాల ముందు మాత్రమే వస్తుంది. కాబట్టి క్యాలెండరు రాగానే దాన్ని ముద్రించి, తేదీలకు గుర్తులు పెట్టి, వార్డు మేనేజరుకు ఒకేసారి ఇవ్వండి. ప్రతి నెలా ఒక్కో సాయంత్రం కోసం బతిమాలుకోవడం కంటే అది మీకూ మేనేజరుకూ గౌరవప్రదం. మీ షిఫ్టులు మార్చుకోవడానికి ఒప్పుకునే తోటి నర్సులకు వారి పండుగ రోజుల్లో మీరు డ్యూటీ చేసి ఆ బాకీ తీర్చండి. కౌన్సిలర్ అయ్యాక వార్డులో మాట పడటానికి ఇదే మొదటి కారణమవుతుంది. ఆరు నెలలు వరుసగా ఒక్క సమావేశానికీ వెళ్లని కౌన్సిలర్, కౌన్సిల్ ముందుగా అనుమతించకపోతే, సభ్యత్వం కోల్పోతారు. నైట్ డ్యూటీలు, ప్రసూతి సెలవు, దీర్ఘ అనారోగ్యం వంటివి ఎదురైనప్పుడు ఆ అనుమతిని గడువు తీరక ముందే అడగాలి.

కౌన్సిల్ కాని దారి కార్మిక సంఘం. బర్మింగ్‌హామ్‌లో మూడు దశాబ్దాలకు పైగా ఆపరేషన్ థియేటర్ నర్సుగా పనిచేసిన ఎలినార్ స్మిత్ యునిసన్ సంఘానికి అధ్యక్షురాలిగా పనిచేసి, 2017లో వుల్వర్‌హాంప్టన్ సౌత్ వెస్ట్ నుంచి గెలిచి, వెస్ట్ మిడ్‌లాండ్స్ నుంచి ఎన్నికైన తొలి ఆఫ్రికన్ కరీబియన్ సంతతి ఎంపీ అయ్యారు. వలసలకు వ్యతిరేకంగా 1968లో చేసిన ప్రసంగంతో పేరుమోసిన ఈనాక్ పావెల్ ఒకప్పుడు ప్రాతినిధ్యం వహించిన స్థానమే అది. ఆ పావెల్ అంతకు ముందు ఆరోగ్య మంత్రి కూడా. సంఘాన్ని ఎంచుకునేటప్పుడు ఒక తేడా గుర్తుంచుకోవాలి. రాయల్ కాలేజ్ ఆఫ్ నర్సింగ్ ఏ పార్టీకీ అనుబంధం కాదు. యునిసన్‌కు లేబర్ పార్టీతో సంస్థాగత సంబంధం ఉంది. పార్టీ ఏదైనా, సంఘం శాఖలో నేర్చుకునే పని ఒకటే: మేనేజ్‌మెంటు ముందు కూర్చుని, గొంతు పెంచకుండా, కాగితం మీద ఆధారం చూపి, సభ్యుల తరఫున వాదించడం.

పార్టీ టికెట్

పెద్ద పార్టీల అభ్యర్థిగా నిలబడకుండా కామన్స్‌కు గెలవడం అరుదు. కన్సర్వేటివ్ పార్టీలో ముందుగా అంచనా పరీక్ష నెగ్గి ఆమోదిత జాబితాలో చేరాలి. లేబర్‌లో మామూలుగా స్థానిక సభ్యులు వడపోత తర్వాత ఓటు వేసి ఎంచుకుంటారు. ఎన్నికలు హఠాత్తుగా వస్తే కేంద్ర నాయకత్వమే అభ్యర్థులను ఖరారు చేయడమూ జరిగింది. ఎక్కడైనా ఎన్నికకు చాలా ముందే పార్టీ సభ్యులై ఉండాలి. వర్షంలో కరపత్రాలు పంచినవారిని స్థానిక సభ్యులు గుర్తుపెట్టుకుంటారు.

ఎంపిక సమావేశంలో నర్సులు తరచుగా చేసే పొరపాటు ఒకటే: తమ వృత్తినే తమ వాదనగా చూపడం. నర్సు అనగానే సభలో చప్పట్లు వస్తాయి. ఆ చప్పట్లు ఒక నిమిషం ఉంటాయి. ఆ తర్వాత ఓటు వేసేవారు అడిగేది, మీకు తెలిసినదానితో ఈ ఊరికి ఏం చేస్తారని. ముప్పై ఏళ్లు రోగులకు సేవ చేశానని చెప్పడం కంటే, ఈ ఊరి ఆస్పత్రిలో అంబులెన్సులు బయట ఎందుకు నిలిచిపోతున్నాయో, లోపల మంచం ఎందుకు ఖాళీ కావడం లేదో, దానికి కౌన్సిల్ బడ్జెట్‌తో సంబంధమేమిటో మూడు నిమిషాల్లో విడమరచి చెప్పగలిగితే మీరు వేరే స్థాయి అభ్యర్థిగా కనిపిస్తారు. ఇళ్ల అద్దెలు, బస్సులు, పాఠశాలలు, సాగు భూములు, రక్షణ వ్యయం గురించి కూడా మాట్లాడవలసి వస్తుంది. ఆరోగ్యం తప్ప మరేదీ మాట్లాడలేని నర్సును మంచి సాక్షిగా చూస్తారు గాని, మంచి ఎంపీగా చూడరు.

స్థానం గురించి కూడా కళ్లు తెరుచుకుని ఆలోచించాలి. యాష్‌ఫర్డ్‌లో 1997 నుంచి ఎంపీగా ఉన్న, ఒకప్పటి సీనియర్ మంత్రి డేమియన్ గ్రీన్‌ను సోజన్ జోసెఫ్ 1,779 ఓట్ల ఆధిక్యంతో ఓడించారు. అదే కౌంటీలో అదే రోజున మరో నర్సు కెవిన్ మెక్‌కెన్నా సిటింగ్‌బోర్న్ అండ్ షెపీలో 355 ఓట్లతో గట్టెక్కారు. నర్సుకు దొరికే టికెట్ చాలాసార్లు ఇలాంటి స్థానాలదే. గాలి మీ వైపు వీచిన ఏడాది గెలుస్తారు, మళ్లీ తిరిగిన ఏడాది పోతుంది. ఒప్పుకునే ముందే ఇది తెలిసి ఉండాలి.

యూనిఫాం, రోగులు, నోటి మాట

ఎన్నికల చట్టం కంటే ఎక్కువగా నర్సు అభ్యర్థిని ఇబ్బంది పెట్టగలిగేది సొంత వృత్తి నియమావళి. నర్సుల రిజిస్టరును నిర్వహించే ఎన్ఎంసీ (నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్) నియమావళి ప్రకారం రిజిస్టర్డ్ నర్సు తన వృత్తి హోదాను ఆరోగ్యంతో సంబంధం లేని ప్రచారాలకు వాడకూడదు. తన రాజకీయ, మత విశ్వాసాలను ఇతరుల ముందు అనుచితంగా వ్యక్తం చేయకూడదు. సమాచార సాధనాలతో మాట్లాడినప్పుడు రోగి గోప్యతను కాపాడాలి. దీని అర్థం నర్సు రాజకీయాల్లో ఉండకూడదని కాదు. గత వృత్తిని పరిచయంలో చెప్పుకోవచ్చు. బెడ్ పక్కన, డ్రెస్సింగ్ మారుస్తూ, ఓటెవరికని అడగకూడదు. రోగి తానే ఆ మాట ఎత్తినా, ఇది డ్యూటీ సమయమని నవ్వుతూ దాటవేయడమే సరైనది. మంచంమీద ఉన్న మనిషికి మీ మాటను కాదనే స్వేచ్ఛ నిజంగా ఉండదు.

ప్రచారం మొదలుపెట్టే ముందు లైన్ మేనేజరుకు లిఖితపూర్వకంగా తెలియజేసి, ట్రస్టు విధానాలను చదవండి. ట్రస్టు యూనిఫాంలో దిగిన ఫొటోనూ, నీలిరంగు ఎన్‌హెచ్ఎస్ చిహ్నాన్నీ కరపత్రం మీద వేయకండి. ఆ చిహ్నం మీది కాదు, ప్రజాసేవా సంస్థది. ఎన్నికలు ప్రకటించాక ఎన్‌హెచ్ఎస్ ఆవరణలనూ వనరులనూ ప్రచారానికి వాడకూడదన్న ఆంక్షలు బిగుస్తాయి. రోగుల చిరునామాలు, ఫోన్ నంబర్లు మీ కంప్యూటర్ తెర మీద కనిపించినంత మాత్రాన మీవి కావు. సంస్థ అనుమతి లేకుండా వ్యక్తిగత సమాచారాన్ని తెలిసి తీసుకోవడం 2018 డేటా రక్షణ చట్టం కింద నేరం. రిజిస్ట్రేషన్ ముగిసిపోయి ఉంటే కరపత్రంలో రిజిస్టర్డ్ నర్సు అని రాయకూడదు, మాజీ నర్సు అని రాయాలి. ఒక్క మాట తేడాయే, కాని ప్రత్యర్థి ముందుగా వెతికేది దాన్నే, రిజిస్టరేమో అందరికీ తెరిచి ఉంటుంది.

రోగుల కథల విషయంలో నా అభిప్రాయం కొంత కఠినంగా అనిపించవచ్చు. నర్సు ఎంపీల ప్రసంగాలకు బలం అనుభవం నుంచే వస్తుంది, కాని చిన్న పట్టణంలో పేరు చెప్పకపోవడం గోప్యత కాదు. ఫలానా పండుగ రాత్రి అత్యవసర విభాగంలో ఒక యువకుడని మొదలుపెడితే సగం ఊరికి ఆ యువకుడెవరో తెలిసిపోతుంది. సభలో అన్న మాటకు 1689 నాటి హక్కుల చట్టం రక్షణ ఇస్తుంది, దాని మీద కోర్టుకు వెళ్లలేరు. అయినా సభ అధికారిక నివేదిక అయిన హాన్సార్డ్‌లో అచ్చయిన మాట ఎప్పటికీ ఉంటుంది, ఆ కుటుంబం దాన్ని ఎప్పుడైనా చదువుతుంది. కాబట్టి ఒక్క రోగి కథ చెప్పకుండా, పదే పదే చూసిన పరిస్థితిని చెప్పండి. ఒక్క కథ చెప్పి తీరాలనుకుంటే రాతపూర్వకమైన అంగీకారం తీసుకోండి, అది కూడా వారు కోలుకుని ఇంటికి వెళ్లిన తర్వాత.

నామినేషన్, ఖర్చు

ఈ భాగం చూడటానికి భయపెడుతుంది గాని, వివరంగా రాసిన నిబంధనలున్న పని కాబట్టి సులభమైనది. నియోజకవర్గంలోని పదిమంది ఓటర్లు మీ నామినేషన్ పత్రం మీద సంతకం చేయాలి. డిపాజిట్ 500 పౌండ్లు. పోలైన చెల్లుబాటు ఓట్లలో 5 శాతం కంటే ఎక్కువ వస్తే తిరిగి వస్తుంది. పార్లమెంటు రద్దయ్యాక పోలింగుకు 25 పనిదినాలే ఉంటాయి గనుక, పత్రాలన్నీ ముందే సిద్ధం చేసుకోవాలి. ఇంటి చిరునామాను బ్యాలెట్ పత్రం మీద ప్రచురించవద్దని కోరవచ్చు. నర్సులు కోరడమే మంచిదంటాను. మనవారికి పనికొచ్చే వెసులుబాటు మరొకటుంది. ఇంటిపేరు ముందుండి పొడవుగా సాగే పేరుకు బదులు, వార్డులో అందరూ పిలిచే వాడుక పేరును బ్యాలెట్ మీద వాడుకోవచ్చు. పేర్లు ఇంటిపేరు అక్షర క్రమంలో వస్తాయి కాబట్టి, పాస్‌పోర్టులో ఏది ఇంటిపేరుగా నమోదైందో ఒకసారి చూసుకోండి.

2024 ఎన్నికలో అభ్యర్థి ఖర్చు పరిమితి 11,390 పౌండ్లు, దానికి తోడు ఒక్కో ఓటరుకు గ్రామీణ ప్రాంతం కలిసిన కౌంటీ నియోజకవర్గాల్లో 12 పెన్సులు, పట్టణ బరో నియోజకవర్గాల్లో 8 పెన్సులు. 73,000 మంది ఓటర్లున్న కౌంటీ స్థానంలో అది సుమారు 20,150 పౌండ్లు. ఇది పరిమితి మాత్రమే, దీన్ని చేతిలో పట్టుకుని రావాలని కాదు. పార్టీ, దాతలు కూడా భరిస్తారు. 50 పౌండ్లకు మించిన విరాళాన్ని చట్టం అనుమతించిన దాత నుంచే తీసుకోవాలి, అంటే స్వదేశంలో ఉన్న బంధువు ప్రేమగా పంపిన డబ్బు పనికిరాదు. లెక్కలకు బాధ్యత వహించే ఎన్నికల ఏజెంటును నియమించుకుని, ఫలితం ప్రకటించిన 35 రోజుల్లో ఖర్చుల వివరం సమర్పించాలి. ప్రతి కరపత్రం మీదా, ప్రతి ఆన్‌లైన్ ప్రకటన మీదా ఎవరు ప్రచురించారో ఉండి తీరాలి. పరిమితిలో కనిపించని ఖర్చు మరొకటి ఉంది: ప్రచారం కోసం వదులుకున్న షిఫ్టుల జీతం. కౌన్సిలర్‌కున్నట్టు పార్లమెంటు అభ్యర్థికి సెలవు హక్కు లేదు. వార్షిక సెలవును దాచుకోవడం, జీతం లేని సెలవును ముందే రాతలో ఒప్పించుకోవడం, రెండు మూడు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టుకోవడం, ఈ మూడూ చేయకుండా బరిలోకి దిగకండి.

గెలిచిన తర్వాత

2025 ఏప్రిల్‌లో ఎంపీ జీతం ఏడాదికి 93,904 పౌండ్లుగా ఉండేది. జీతాన్నీ సిబ్బంది, కార్యాలయ ఖర్చులనూ ఇప్సా అనే స్వతంత్ర సంస్థ చూస్తుంది. మొదటి రోజున మీకు ఉద్యోగ వివరణ పత్రం ఇవ్వరు, హ్యాండోవర్ ఇవ్వరు, ఓడిన పాత ఎంపీ ఫైళ్లు మీకు వస్తాయని ఆశించకండి. నియోజకవర్గ ప్రజలు వచ్చి కష్టాలు చెప్పుకునే సమావేశాన్ని అక్కడ సర్జరీ అంటారు. థియేటర్‌లో పనిచేసి వచ్చినవారికి ఈ మాట అలవాటు కావడానికి కొంత సమయం పడుతుంది. ఆ సర్జరీలు ముందస్తు అపాయింట్‌మెంటు మీద, మరో మనిషి తోడుండగా జరపండి. 2021లో డేవిడ్ ఏమెస్ అనే ఎంపీ అలాంటి సమావేశంలోనే హత్యకు గురయ్యారు.

సర్జరీకి వచ్చేవారిలో ఎక్కువమంది ఇళ్లు, వీసాలు, ప్రభుత్వ భత్యాల సమస్యలతో వస్తారు. ఇక్కడ నర్సుకు ఒక ఆయుధం ముందే చేతిలో ఉంది. డాక్టరుకు ఫోన్ చేసి రోగి సంగతి చెప్పేటప్పుడు వాడే ఎస్‌బార్ క్రమం, అంటే పరిస్థితి, పూర్వాపరాలు, మీ అంచనా, మీరు కోరేది, మంత్రికి రాసే ఉత్తరానికి అతికినట్టు సరిపోతుంది. రెండు పేజీల ఆవేదన రాసి చివర ఏమి కావాలో చెప్పని ఉత్తరాలు మంత్రుల కార్యాలయాలకు కుప్పలుగా వస్తాయి. నాలుగు పేరాల్లో విషయం ముగించి, ఫలానా తేదీలోగా ఫలానా నిర్ణయం కోరుతున్నానని రాసిన ఉత్తరానికి జవాబు త్వరగా వస్తుంది.

సభలో పనిముట్లు చాలా ఉన్నాయి, అన్నింటినీ మొదటి ఏడాదే పట్టుకోవద్దు. తొలి ప్రసంగం నియోజకవర్గాన్నీ, ముందున్న ఎంపీనీ పొగుడుతూ సాగడం ఆనవాయితీ, దాన్ని ఎవరూ అడ్డుకోరు. తర్వాత లిఖిత ప్రశ్నలు వేయడం అలవాటు చేసుకోండి. డ్రగ్ చార్టు చదివే కన్నుతో ప్రభుత్వ జవాబు చదివితే, అడిగినదానికి కాక పక్కదానికి చెప్పిన సమాధానం వెంటనే దొరికిపోతుంది; అదే ప్రశ్నను మరింత ఇరుకుగా మళ్లీ వేయాలి. ఆరోగ్య, సామాజిక సంరక్షణ సెలెక్ట్ కమిటీలో చోటు దొరికితే అది మంత్రి పదవి కంటే విలువైనదని నేననుకుంటాను, ఎందుకంటే అక్కడ ట్రస్టు అధిపతులనూ మంత్రులనూ ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నించవచ్చు. ప్రతి సమావేశ కాలం మొదట్లో తీసే లాటరీలో పేరు వచ్చిన 20 మందికి సొంత బిల్లు ప్రవేశపెట్టే అవకాశం ఉంటుంది. పేరు ఇవ్వడానికి ఖర్చు లేదు కాబట్టి ఏటా ఇవ్వండి.

మంత్రి పదవి వస్తే వృత్తికీ పదవికీ మధ్య నలిగే రోజు తప్పకుండా వస్తుంది. 2022 డిసెంబరులో జీతాల కోసం రాయల్ కాలేజ్ ఆఫ్ నర్సింగ్ సభ్యులు ఇంగ్లండ్‌లో సమ్మెకు దిగినప్పుడు, నర్సుగా పనిచేసిన కాల్‌ఫీల్డ్ ఆరోగ్య శాఖ మంత్రుల్లో ఒకరు. ప్రభుత్వంలో ఉన్నంతకాలం ప్రభుత్వ నిర్ణయాన్ని సమర్థించాలి, లేదా రాజీనామా చేయాలి. మంత్రి పదవి లేనివారికి విప్ ఉంటుంది. ఒకప్పుడు ప్రభుత్వ డిప్యూటీ చీఫ్ విప్‌గా ఇతరుల ఓట్లను కూడగట్టిన ఆన్ మిల్టనే 2019 సెప్టెంబరులో ఒప్పందం లేని బ్రెగ్జిట్‌ను అడ్డుకోవడానికి ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఓటు వేసి పార్టీ విప్‌ను కోల్పోయారు, అంటే పార్టీ ఎంపీల బృందం నుంచి బయటపడ్డారు; ఆ డిసెంబరులో స్వతంత్రంగా పోటీ చేసి సీటునూ కోల్పోయారు. డాక్టరు రాసిన మందు తప్పనిపిస్తే ఇవ్వడానికి నిరాకరించి పైవారికి చెప్పడం నర్సుకు వృత్తి ధర్మం. సభలోనూ అలాంటి ఓటు ఎప్పుడో ఒకటి వస్తుంది, అయితే ఇక్కడ దాని మూల్యం ఉద్యోగమే కావచ్చు. ఏ విషయం మీద ఆ గీత గీస్తారో గెలిచిన మొదటి నెలలోనే మీ నోటుపుస్తకంలో రాసుకోండి.

పిన్ కాపాడుకోవడం

ఎలినార్ స్మిత్, లింకన్ నుంచి గెలిచిన నర్సు కరెన్ లీ ఇద్దరూ 2017 జూన్‌లో సభకు వచ్చి 2019 డిసెంబరులో ఓడిపోయారు, అంటే రెండున్నరేళ్లు. 2015 నుంచి లూయిస్ నియోజకవర్గ ఎంపీగా ఉన్న కాల్‌ఫీల్డ్ 2024లో ఓడిపోయారు. చట్టప్రకారం పార్లమెంటు గడువు ఐదేళ్లయినా, ప్రధాని అంతకు ముందే ఎన్నికలు కోరవచ్చు. ఓడిన ఎంపీకి ఇచ్చే పరిహారం సర్వీసు కాలాన్ని బట్టి ఉంటుంది, దానితో ఏళ్లు గడవవు. కాబట్టి గెలిచిన నాటి నుంచే తిరిగి వెళ్లే దారిని శుభ్రంగా ఉంచుకోవాలి. నర్సుకు ఆ దారి ఎన్ఎంసీ పిన్, అంటే రిజిస్ట్రేషన్ నంబరు.

రిజిస్ట్రేషన్‌కు ఏటా రుసుము కట్టాలి, 2025లో అది 120 పౌండ్లు. ఆ పైన మూడేళ్లకోసారి రీవాలిడేషన్, అంటే రిజిస్ట్రేషన్‌కు అర్హతను మళ్లీ చూపించుకోవడం, ఉంటుంది. దానికి 450 గంటల వృత్తి అభ్యాసం, 35 గంటల శిక్షణ, అందులో 20 గంటలు ఇతరులతో కలిసి నేర్చుకున్నవి, ఐదు అభిప్రాయ పత్రాలు, ఐదు ఆత్మపరిశీలన రచనలు, మరో రిజిస్టర్డ్ సభ్యులతో ఒక చర్చ కావాలి. శిక్షణనూ రచనలనూ ఎంపీగా ఉంటూ పూర్తిచేయవచ్చు. గంటలే చిక్కు. నర్సు నైపుణ్యం మీద ఆధారపడిన పనినే ఆ గంటల్లో లెక్కిస్తారు. ఎంపీగా చేసే పనంతా అందులోకి వస్తుందని ఊహించుకోకుండా ఎన్ఎంసీని రాతపూర్వకంగా అడగండి. జవాబు అనుకూలంగా రాకపోతే మిగిలింది షిఫ్టులు. నెలకు ఒక 12 గంటల షిఫ్టు చొప్పున మూడేళ్లకు 432 గంటలే వస్తాయి, అంటే ఇంకో రెండు షిఫ్టులు కావాలి. జీతం లేని విరామ సమయాన్ని తీసేస్తే మరికొన్ని. కాల్‌ఫీల్డ్ ఎంపీగా ఉంటూనే నర్సుగా షిఫ్టులు చేశారు, 2020లో కోవిడ్ వచ్చినప్పుడు కూడా వార్డుకు వెళ్లారు. గంటలు తగ్గి రిజిస్ట్రేషన్ పోతే, మళ్లీ చేరడానికి తిరిగి వృత్తిలోకి వచ్చే కోర్సు గాని, సామర్థ్య పరీక్ష గాని ఎదురవుతుంది. ఓడిన నెలలో, ఇంటి వాయిదాలు కట్టవలసిన వేళ, ఆ చదువు ఎవరికీ సుఖంగా ఉండదు.

ఆచరణలో ఇలా చేయండి. ట్రస్టులో శాశ్వత ఉద్యోగానికి రాజీనామా చేసేటప్పుడే అదే ట్రస్టు స్టాఫ్ బ్యాంక్‌లో, అంటే విడి షిఫ్టులకు పిలిచే సిబ్బంది జాబితాలో, పేరు నమోదు చేసుకోండి, తప్పనిసరి శిక్షణలు గడువు తీరకుండా చూసుకోండి. సభ సమావేశాలు లేని రోజుల్లో, అంటే ఈస్టర్, వేసవి విరామాల్లో, బ్యాంక్ షిఫ్టులు వేసుకోండి. మీ నియోజకవర్గం బయటి ఆస్పత్రి అయితే రోగులకూ మీకూ ఇబ్బంది తక్కువ. ఆ జీతాన్ని సభ్యుల ఆర్థిక ప్రయోజనాల రిజిస్టరులో 28 రోజుల్లో నమోదు చేయించండి, ఎన్ని గంటలు పనిచేశారో కూడా. అదే గంటలను అదే రోజు ఎన్ఎంసీ ఆన్‌లైన్ ఖాతా కోసం ఉంచుకున్న లాగ్‌లోనూ రాసుకోండి, ఆ షిఫ్టు ఇన్‌చార్జి పేరు, వార్డు పేరు పక్కన పెట్టి. మూడో ఏడు చివర వెతుక్కుంటే దొరకవు.